రహీం సారు కట్టిన జట్టు

బొంబాయిలో అప్పట్లో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీని 1950 నుంచి 1954 దాకా ఏటా ఒకే జట్టు గెలుచుకుంది. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ వెలిగిపోతున్న రోజులవి. గెలిచింది వాటిలో ఏదీ కాదు, హైదరాబాద్ సిటీ పోలీస్. రోవర్స్ కప్ వందేళ్లకు పైగా నడిచిన పోటీ. అందులో వరుసగా ఐదుసార్లు నెగ్గడం అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ మరో జట్టుకు సాధ్యం కాలేదు.

అదే 1950లో ఇంకో గెలుపు. ప్రపంచయుద్ధం రోజుల్లో ఆగిపోయిన డ్యూరాండ్ కప్ ఆ ఏడు ఢిల్లీలో మళ్లీ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన ఆ తొలి డ్యూరాండ్ ఫైనల్లో ఈ పోలీసులు మోహన్ బగాన్‌ను ఓడించారు. నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరులో. ఆ కల్లోలం ఇంకా చల్లారీ చల్లారక ముందే, ఆ ఊరి పోలీసు జట్టు దేశంలోని పెద్ద కప్పుల్లో రెండింటిని ఒకే ఏడు ఇంటికి తెచ్చింది. డ్యూరాండ్ తర్వాత 1954లో, 1957లో, 1961లో కూడా దక్కింది. 1952, 1956 ఫైనల్స్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడిపోయింది. ఓడిన ఏళ్లనూ చెబుతున్నానంటే కారణముంది. గెలిచినా ఓడినా ఆఖరి మ్యాచ్ దాకా వెళ్లడమన్నది ఈ జట్టుకు అలవాటైపోయింది. అదృష్టం ఒక ఏడు కలిసొస్తుంది, రెండేళ్లు కలిసొస్తుంది. పదేళ్ల పాటు వచ్చే ఫలితం వెనక ఎవరిదో పనితనం ఉండి తీరాలి.

ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

1950లో మా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. హైదరాబాదు వేరే రాష్ట్రం. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ జట్టు కూడా హైదరాబాదు పేరు వదిలి ఆంధ్రా పోలీస్ అయింది. 1961లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను మళ్లీ ఓడించింది ఆ పేరుతోనే. కాబట్టి ఆ కప్పులో తిరుపతికీ, చిత్తూరుకూ వాటా ఉంది. ఇప్పుడు మన ఊళ్లలో సాయంత్రమైతే ఏ ఖాళీ స్థలం చూసినా క్రికెట్టే. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఫుట్‌బాల్లో తెలుగు రాష్ట్రం దేశానికి పాఠం చెప్పిన కాలం ఒకటుందని మన బడిపిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది.

ఆ పాఠం చెప్పిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడే ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకుని పిల్లల ఆటల బాధ్యత చూశారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు శిక్షకుడిగా, ఆ ఏడు నుంచే భారత జట్టు శిక్షకుడిగా, 1963లో కన్నుమూసేదాకా పనిచేశారు. ఆయన పేరుకు ముందు పత్రికలు ఏ బిరుదు పెట్టినా, ఆటగాళ్లకు మాత్రం రహీం సాబ్. మన వైపైతే రహీం సారు అని ఉండేవాళ్లం. బడిలో పనిచేసిన అనుభవమే ఆయన అసలు బలమని నా నమ్మకం. ఆయన చేసిన ప్రతి మార్పులోనూ పంతులు చెయ్యి కనబడుతుంది.

మామూలు శిక్షకుడు ఏం చేస్తాడు? మైదానం అంచున నిలబడి "పాస్ ఇవ్వరా, బంతిని పట్టుకుని కూర్చోవద్దు" అని గొంతు పోయేలా అరుస్తాడు. కుర్రాడు తలూపుతాడు. బంతి కాలికి తగలగానే ఆ మాట మరిచిపోతాడు, ఇద్దరిని తప్పించి మూడోవాడి కాళ్ల దగ్గర పోగొట్టుకుంటాడు. దీనికి రహీం కనిపెట్టిన మందు వేరు. హైదరాబాదులో ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టించారు. బంతి అందుకున్నవాడు దాన్ని కాళ్లతో ఆడించుకుంటూ ముందుకు పోకూడదు, తోటివాడికి ఇచ్చెయ్యాలి. పోతే ఫౌలు.

చూడ్డానికి ఇది చిన్న నియమం. ఆ మైదానంలో దిగిన కుర్రాడికి ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి. బంతి తన దగ్గరికి వచ్చాక ఎవరికివ్వాలా అని చూసే వ్యవధి ఉండదు. అందుకని బంతి ఇంకా దారిలో ఉండగానే తల ఎత్తి చూడడం నేర్చుకుంటాడు. ఎవరికీ చెప్పనక్కర్లేకుండానే అతని కళ్లకు ఆ అలవాటు పడుతుంది. రెండోది మొదటి తాకిడి. బంతి పాదానికి తగిలి రెండడుగులు ఎగిరిపడితే మళ్లీ దాన్ని అందుకోవడానికి పరుగెత్తాలి, అంతలో ఎదుటివాడు వచ్చేస్తాడు. కాబట్టి బంతిని మెత్తగా దించుకోవడమో, వచ్చిన దాన్ని వచ్చినట్టే దారి మళ్లించడమో తప్ప గత్యంతరం లేదు.

మూడో ఫలితం అన్నిటికంటే గొప్పది. అది బంతి ఉన్నవాడి మీద కాకుండా బంతి లేనివాళ్ల మీద పడుతుంది. పాస్ ఇవ్వక తప్పదంటే, అందుకునేవాడు ఖాళీ చోటుకు వెళ్లి నిలబడక తప్పదు. ఒకడు వెళితే చాలదు, అటొకడు ఇటొకడు ఉండాలి. అలా మైదానం నిండా ముగ్గురు ముగ్గురుగా త్రికోణాలు ఏర్పడుతూ, చెదిరిపోతూ, మళ్లీ ఏర్పడుతూ ఉంటాయి. ఈ త్రికోణాల గురించి ఇప్పుడు ప్రపంచమంతా పుస్తకాలున్నాయి, బోర్డుల మీద బాణాలు గీసి చెబుతారు. రహీం ఒక్క నియమంతో వాటిని కుర్రాళ్ల కాళ్లలోకి ఎక్కించారు. వాళ్లు తాము నేర్చుకుంటున్నామని కూడా అనుకోలేదు, కప్పు కోసం ఆడుతున్నామనుకున్నారు.

రెండో రకం టోర్నమెంటు ఇంకా విచిత్రం. చాలామందికి కుడికాలే వాటం, ఎడమకాలు నిలబడడానికే. ఆ పోటీల్లో వాటంలేని కాలితోనే తన్నాలి. వాటమున్న కాలితో తంతే ఫౌలు. మొదటి పది నిమిషాలు అందరూ తడబడతారు, బంతి ఎక్కడికో పోతుంది. కానీ ప్రత్యర్థి కూడా అదే కష్టంలో ఉన్నాడు కనుక సిగ్గు లేదు. నిజానికి ఈ పద్ధతిలోని నేర్పంతా ఆ సిగ్గు తీసెయ్యడంలోనే ఉంది. సాధనలో ఒక్కడిని నిలబెట్టి "ఎడమకాలితో కొట్టు" అంటే పదిమంది ముందు నవ్వులపాలవుతానని వాడు సగం మనసుతో కొడతాడు. ఇరవై రెండు మందీ తడబడుతున్నచోట, గెలవాలన్న పట్టుదలతో, ఎడమకాలిని నమ్ముకోవడం మొదలెడతాడు. రెండు కాళ్లూ ఆడే ఆటగాడికి మైదానం వెడల్పు రెట్టింపవుతుంది. ఏ వైపు తిరుగుతాడో ఎదుటివాడికి అంతుచిక్కదు.

పిల్లలకు ఎత్తును బట్టి పోటీలు పెట్టారు. ఇంత ఎత్తుకు మించినవాడు ఆడకూడదు. వయసు కాగితాలు దిద్దుకునే మన దేశంలో ఎత్తు కొలవడం ఎంత తెలివైన పనో చెప్పనక్కర్లేదు. అంతకుమించి, ఒకే ఎత్తున్న పిల్లలు ఆడితే ఒంటిబలంతో తోసుకుపోయేవాడు ఉండడు. నేర్పున్నవాడే పైకొస్తాడు.

శ్రీకాళహస్తిలో కలంకారీ పని దగ్గరుండి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ కలం పట్టకముందే గుడ్డను కరక్కాయ రసంలో, ఎనుము పాలలో ముంచి ఆరబెడతారు. బొమ్మ అందమంతా గీసేవాడి చేతిలోనే ఉందని చూసేవాళ్లు అనుకుంటారు గానీ, ఆ పాల పదును సరిగ్గా లేకపోతే గీత పాకిపోతుంది. రహీం చేసింది ఆ పదును పట్టే పని. బొంబాయిలో, ఢిల్లీలో జనం చూసిన ఆట అంతా హైదరాబాదు మైదానాల్లో ఎవరూ చూడనప్పుడు తయారైంది.

ఈ నియమాల వల్ల సొంత నేర్పు చచ్చిపోదా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన బలరాం రహీం కంటబడ్డ కుర్రాడు. 1956లో హైదరాబాదుకు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ తెచ్చిన జట్టులో ఉన్నాడు, ఆ ఏడే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. ఎడమవైపు, మధ్యలో, ముందు వరసలో ఎక్కడ పెట్టినా ఒదిగిపోయేవాడు. భారత జట్టు ఫార్వర్డ్‌లుగా పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపే చెప్పుకుంటారు ఇప్పటికీ. బంతిని ఎవరికీ అందకుండా కాళ్లలో దాచుకోగల మొనగాడు డ్రిబ్లింగ్ నిషేధించిన ఊరినుంచే వచ్చాడు. పాస్ ఇవ్వడం తెలిసినవాడికే ఎప్పుడు ఇవ్వకూడదో తెలుస్తుంది.

ఇక మైదానంలో మనుషులను నిలబెట్టే తీరు. ఆ రోజుల్లో అందరూ ముందు వరసలో ఐదుగుర్ని పెట్టేవారు. నడిమధ్య ఉన్న సెంటర్ ఫార్వర్డ్ గోలు దగ్గరే కాచుకుని ఉంటాడు, అతన్ని ఎదుటి జట్టు స్టాపర్ అంటిపెట్టుకుని ఉంటాడు. రహీం తన సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగారు. ఇప్పుడు స్టాపర్‌కు ఇరకాటం. అతని వెంట ముందుకు పోతే గోలు ముందు ఖాళీ పడుతుంది, ఆ ఖాళీలోకి పక్క ఫార్వర్డ్‌లు దూసుకొస్తారు. పోకుండా ఉన్నచోటే ఉంటే, వెనక్కి వెళ్లిన ఫార్వర్డ్ తీరిగ్గా తల ఎత్తి ఎవరికి ఇవ్వాలో చూసుకుంటాడు. 1953లో హంగరీ ఇదే ఎత్తుతో లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. హంగరీ ఆటను రహీం శ్రద్ధగా గమనించారు. కానీ ఆ ఎత్తు పారాలంటే వెనక్కి వచ్చినవాడి నుంచి బంతి క్షణంలో బయటికి పోవాలి. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లలో పెరిగిన కుర్రాళ్లు ఉన్నచోట అది పారింది. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ఆడాక అందరి నోటా పడిన 4-2-4 అమరికవైపు కూడా ఆయన అంతకు ముందే మొగ్గారు.

దేశం జట్టుకు ఈ పని ఎంత అవసరమో హెల్సింకి చూపించింది. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడిపోయింది. మనవాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడారు. ఆ దెబ్బ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. పైగా మన దేశంలో పోటీలు అప్పట్లో 70 నిమిషాలే, బయట 90. ఊపిరి నిలుపుకోవడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సిన విద్యే. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో అదే రహీం జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. ముందు గోలు మనదే, చివరికి 4-1తో ఓడాం. పదికొకటి నాలుగుకొకటి కావడాన్ని కొందరు పెద్దగా పట్టించుకోరు. నాకు మాత్రం రహీం పనిని కొలవడానికి అంతకంటే మంచి కొలత కనబడదు. ప్రత్యర్థి అదే దేశం, పోటీ అదే. ఆ మెల్‌బోర్న్ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, బలరాం హైదరాబాదు నుంచి వెళ్లినవాళ్లే.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన చేసిన ఒక్క మార్పు చాలు, పనివాడి చూపు ఎలాంటిదో తెలుసుకోవడానికి. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. థాయ్‌లాండ్ మీద గెలిచాం గానీ, మన స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడ్డాయి. జట్టులో అందరికంటే గట్టి మనిషి అతనే. గాయపడ్డ డిఫెండర్‌ను కూర్చోబెట్టడం ఎవరైనా చేసే పని. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ముందు వరసలో ఆడినవాడని ఆయన గుర్తుపెట్టుకున్నారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద అతను గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియా. సెనయాన్ స్టేడియంలో లక్షమంది దాకా జనం, ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నవాళ్లే. మొదట పి.కె. బెనర్జీ, కాసేపటికే కుట్లు పడిన తలతో ఉన్న జర్నైల్ గోల్స్ కొట్టారు. 2-1. భారత్‌కు స్వర్ణం. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి తెచ్చిన మొదటి స్వర్ణం కూడా రహీం శిక్షణలోనిదే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకున్న స్వర్ణాలు ఆ రెండే. 2024లో వచ్చిన హిందీ సినిమా 'మైదాన్' చూసినవాళ్లకు జకార్తా సంగతి తెలిసే ఉంటుంది. హైదరాబాదు పోలీసు జట్టు గురించి తెలుసుకోవాలంటే మాత్రం సినిమాహాలు బయటికి వచ్చాక వెతుక్కోవాలి.

ఒక్క శిక్షకుడితోనే ఇదంతా అయిందనడం న్యాయం కాదు. పోలీసు కొలువు ఈ జట్టుకు వెన్నెముక. అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడితే జీతం రాదు, నియమాల ప్రకారం రాకూడదు కూడా. ఆటగాడు బతకడానికి ఏదో ఒక ఉద్యోగం ఉండాలి. పోలీసు శాఖ ఉద్యోగమిచ్చింది, జట్టు కట్టింది. దాని వల్ల ఇంకో మేలు జరిగింది. కుర్రాళ్లు ఏళ్ల తరబడి ఒకేచోట ఉండిపోయారు. ఒకరి అడుగు ఒకరికి తెలిసింది. నూర్ మహమ్మద్ బంతి తీసుకుంటే తను ఎటు కదలాలో ముందువాడు ఆలోచించే పని లేదు. ముస్లింలు, తెలుగువాళ్లు, కంటోన్మెంటు తమిళులు, ఆంగ్లో ఇండియన్లు కలిసి పెరిగిన హైదరాబాదు, సికింద్రాబాదు ఆటకు ఈ పోలీసు జట్టు సహజమైన గూడు. కలకత్తా క్లబ్బులు ఒక్కొక్కరినీ పిలుచుకుపోతూనే ఉన్నా గూడు ఖాళీ కాలేదు. ఒకడు వెళితే ఎత్తు పోటీల్లోంచి ఇంకొకడు వచ్చేవాడు. హైదరాబాదు 1956, 1957లో వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆ ఊటతోనే.

ఆ ఊటకు కాపలా కాసిన మనిషి 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. జకార్తా ఆడించేనాటికే ఆరోగ్యం బాగాలేదు. వయసు 53. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదే ఆఖరు. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టులో సభ్యుడు, తర్వాత రిఫరీగా, శిక్షకుడిగా చాలాకాలం పనిచేసి 2021లో మరణించారు. బలరాం 2023లో వెళ్లిపోయాడు. జట్టును రహీం చక్కగా కట్టారు గానీ, ఆ పనిని తర్వాత నడిపించే సంస్థ ఒకటి కట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అది సంఘాలు, ప్రభుత్వాలు చెయ్యాల్సింది. చెయ్యలేదు. ఆయన పోయాక నియమాలు గుర్తున్నవాళ్లు ఉన్నారు, టోర్నమెంట్లు పెట్టినవాళ్లు లేరు.

రాయలసీమలో ఆశ పూర్తిగా లేకపోలేదు. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనంతపురంలో మంచి మైదానాలు కట్టింది. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. తిరుపతిలో విశ్వవిద్యాలయాలున్నాయి, వాటికి మైదానాలున్నాయి. చిత్తూరులో, మదనపల్లెలో పాత బడులకు విశాలమైన ఆవరణలున్నాయి. మనకు కొరవడింది స్థలం కాదు.

అందుకని మన జిల్లాల పీఈటీ సార్లకు, మేడమ్‌లకు ఒక మనవి. రహీం పద్ధతికి విదేశీ శిక్షకుడు అక్కర్లేదు, పచ్చిక అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు. ఒక బంతి, ఒక విజిల్, గోడ మీద సుద్దతో గీసిన ఎత్తు గీత ఉంటే చాలు. ఈ ఏడు మండల స్థాయి ఆటల పోటీలకు ముందు మీ బడిలో ఒక్క శనివారం సాయంత్రం ఎడమకాలి మ్యాచ్ ఆడించండి. ఆ మరుసటి శనివారం డ్రిబ్లింగ్ లేని మ్యాచ్ పెట్టండి. ఒక టర్మ్ అంతా అలా నడపండి. ఆడించే ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, ఈ ఆట కనిపెట్టింది హైదరాబాదు బడిపంతులు ఒకాయన అని, ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం అని చెప్పండి.